మా పేటెంటుకు పెట్టిన బొట్టు

"వచ్చినంక నీకొక మాట చెప్పాలె."

"ఇప్పుడే చెప్పరాదు?"

"నిలబడి చెప్పేది గాదే."

"అయితే కూసొనే చెప్పు గని, ముందుగాల డబ్బా పట్టుకో. నిన్న గూడ గిట్లనే మర్చిపోయినవ్."

మా ఆయనకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. డబ్బా ఆ రోజు కూడా మర్చిపోయాడు. తార్నాక మెట్రో మెట్ల దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడట, ఎవరో ఆటోలో వేసుకుని దవాఖానకు పోయారట, నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటికొచ్చి చూస్తే కిటికీలో డబ్బా అట్లాగే ఉంది. పప్పు, బీరకాయ కూర. మూడు రోజుల దాకా దాని మూత తీయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన చెప్పాలనుకున్న మాట ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. అది ఆయన నోట వినలేదు, మా మేనకోడలు చదివితే విన్నాను. (ఇది రాస్తున్నదీ అదే. మా అన్న కూతురు, క్యాంపస్‌లో డిగ్రీ చదువుతూ నా దగ్గరే ఉంటుంది. నాకు సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు, తెలుగులో నా పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతే. నేను చెప్పింది చెప్పినట్టు రాయవే అంటే, "గట్ల రాస్తే బాగుండదు అత్తా" అని నా మాటలకు ఇస్త్రీ చేస్తోంది.)

ఆ రోజుల్లో నాకు ఒంట్లో బలం ఎంత ఉండేదో నమ్మకం కూడా అంతే ఉండేది. రెండు అంతస్తులు ఊడ్చి, తుడిచి, మళ్ళీ నవ్వుకుంటూ ఇంటికి నడిచేదాన్ని. పెళ్ళైన కొత్త. అడిక్‌మెట్‌లో ఒక్క గది. ఇద్దరికీ క్యాంపస్‌లోని ఒక కాలేజీలోనే పని: ఆయన ల్యాబులో మెకానిక్కు, నేను ఏజెన్సీ తరఫున స్వీపరు. ఆ ల్యాబు ఒక మేడంది. అక్కడ కళ్ళకు నల్ల డబ్బా లాంటి అద్దాలు, చేతులకు వైర్లు వేలాడే గ్లవ్సులు తొడుక్కుంటారు. అద్దాల్లో కుండలు, పెట్టెలు, బంతులు కనిపిస్తాయి. నిజానికి అక్కడ ఏమీ ఉండవు. లేని కుండను పట్టుకుని లేని ఇంకో కుండకు తగిలిస్తే, గ్లవ్సు వేళ్ళలో ఉన్న చిన్న చిన్న మోటార్లు గుర్రుమని, తగిలినట్టు మనకు తెలియాలి. అదీ వాళ్ళ పని. (ఉన్న కుండలు కడిగే దిక్కు లేదు, లేని కుండలకు ఇంత ఏసీనా అని నేను లోలోపల అనుకునేదాన్ని.) ఆ మోటార్లు అతికించేది మా ఆయన. ఆ పని తనదని ఆయన నడక కూడా మారింది.

ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబులో చదువుకునే పిల్లలంతా వెళ్ళిపోయారు. నేను నేల తుడుస్తున్నాను.

"ఓ పిల్లా, రాయే. ఒక్కపారి తొడుక్కో. ఎవ్వలు లేరు."

"నీళ్ళ చేతులయ్యా."

"కొంగుకు తుడ్సుకో. నీ మొగడు ఏం చేస్తుండో చూడరాదు?"

తొడుక్కున్నాను. ఎడమ చేతిలో ఒక కుండ, కుడి చేతిలో ఒక కుండ. రెండూ తగిలించాను. మోటారు గుర్రుమంది.

"ఎట్లుంది?" అన్నాడు, ఇంత ముఖం చేసుకుని.

"ఏముంది? రవికెల ఫోను మోగినట్టున్నది."

ఆ ముఖం కాస్తా ముడుచుకుపోయింది. నేను ఊరుకుంటే ఈ కథే లేకపోయేది. కానీ మా అమ్మ ఎండాకాలం వస్తే రోడ్డు పక్కన రంజన్లు అమ్మేది. నడక వచ్చినప్పటి నుంచీ నేను ఆ కుండల మధ్యనే కూర్చున్నాను. కొనేవాళ్ళు ఎవరైనా సరే, కుండను ఎడమ చేతిలో పట్టుకుని కుడి చేతి వేలి గణుపుతో ఒక్కటి కొడతారు. ఆ దెబ్బ అక్కడే అయిపోతుంది. దాని తర్వాత ఎడమ అరచేతిలో సన్నగా ఒక వణుకు పాకుతుంది చూడండి, అది చెబుతుంది కుండ మంచిదా, బీట వేసిందా, అడుగున నీళ్ళున్నాయా అని. అదే చెప్పాను.

"కొట్టిన చేతికి ఏం తెలుస్తదయ్యా? పట్టుకున్న చేతికి తెలుస్తది. మీది కొట్టుడు కాంగనే బందయితున్నది. అసలు సంగతి అటెన్క గదా ఉండేది!"

ఆయన నన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు, పెళ్ళిచూపుల్లో కూడా. గ్లవ్సులు నా చేతుల నుంచి తీస్తూ, "ఇంకోపారి చెప్పు," అన్నాడు. ఇంకోసారి చెప్పాను. సోమవారం సాయంత్రం మిర్చి బజ్జీల పొట్లం పట్టుకుని వచ్చాడు. మేడం ఎగిరి గంతేసిందట, పిల్లలందరినీ పిలిచి "ఈయన చెప్పింది వినండి" అందట.

"నా పేరు చెప్పినవా?"

"ఎట్ల చెప్తనే? స్వీపర్‌కు మిషను తొడిగినవా అంటే ఇద్దరి పని పోతది."

అది నిజమే. నేను బజ్జీలు తిన్నాను. కానీ నాలుగు నెలలకు పేటెంటు అన్నారు. ఇది మొదట మేమే కనిపెట్టాం, ఇంకెవరూ ఎత్తుకుపోకూడదు అని సర్కారు రాసిచ్చే కాగితమట. దానికి పెట్టుకున్న దరఖాస్తులో మేడం పేరు, ఒక స్టూడెంటు పేరు, మూడోది మా ఆయన పేరు. మేడం మంచి మనిషి, మెకానిక్కు పేరు ఎవరు రాస్తారు? మా ఆయన పేరు అప్పటిదాకా రేషను కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. నా పేరు ఆ కార్డులో కూడా తప్పే పడింది. ఆ మాట విన్నాక నాకు బజ్జీలన్నీ గొంతులోకి వచ్చాయి. కుండ నాది, ముచ్చట నాది, పేరు ఆయనదా? నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వంట చేసి, గోడకు చెప్పేదాన్ని: "ఓ గోడా, అన్నం తినమను. ఓ గోడా, ఉప్పు సరిపోయిందా అడుగు." పాపం, ఆయన కూడా గోడకే జవాబు చెప్పి తినేవాడు.

ఐదో రోజు దరఖాస్తు జిరాక్సు తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. నా పక్కన కూర్చుని, వేలు పెట్టి, "గిది మేడం, గిది ఆ పిలగాడు, గిది నేను," అని చూపించి, వేలు ఇంకా కిందికి జరిపి ఒక పొడుగాటి లైను కింద ఆపాడు.

"గిది నువ్వు."

"నా పేరు గింత పొడుగుంటదా?"

"ఇంటి పేరు, మీ నాయన పేరు గూడ రాసిన్రు. ఇంగ్లీషుల పొడుగైతది. మేడంకు తెల్వకుంట లాయరు సారుతోని రాయించిన, ఎవ్వలతోటి అనకు."

ఆ పూట కోడికూర వండాను. ఏటా దసరాకు ఆయన పటకారుకు, నా మాపు కర్రకు, ఆ కాగితంలోని ఆ లైనుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకునేదాన్ని. ఆయన అటు తిరిగి, "చాల్తీయే, కాగితం పాడైతది," అనేవాడు. కాగితం మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను.

కొన్నేళ్ళకు సర్కారు ఆఫీసులో ఆ దరఖాస్తు పరీక్షకు వచ్చింది. వస్తువులు తగిలితే గుర్రుమనే గ్లవ్సు ఫారిన్‌లో ఇదివరకే ఉంది, మీది కొత్తేమిటి అని అడిగారు. మా కాలేజీలోనే ఒక గదిలో, కంప్యూటర్లో విచారణ పెట్టారు, పెద్దాఫీసరు ఆ ఊళ్ళో, మనం ఈ ఊళ్ళో. పని చేసి చూపించడానికి మా ఆయనను కూర్చోబెట్టారు. పక్కింటాయన బూట్లు అడిగి తెచ్చుకున్నాడు.

"నడుము దాకనే కనవడ్తదట గదా, బూట్లెందుకయ్యా?"

"బూట్లు లేకుంటే మాట రాదే."

బూట్లు ఉన్నా రాలేదు. లాయరు సారు ఇంగ్లీషులో చాలాసేపు చదివాడు. పెద్దాఫీసరు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి మా ఆయన వైపు చూసి, ఈ ఆలోచన ఎట్లా వచ్చింది, తేడా ఏమిటి, నువ్వే చెప్పు అని హిందీలో అడిగాడు. మా ఆయన తన చేతులు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, అందరికీ టీలు ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్ళ ముందే ఉంది. నీళ్ళలో మునిగేవాడు ఒడ్డు మీది మనిషిని చూసినట్టు చూశాడు.

ఇంక నేను ఆగలేదు. ట్రే బల్ల మీద పెట్టి, ఖాళీ గ్లాసు ఒకటి ఎడమ చేతిలోకి తీసుకుని ముందుకు పోయాను. లాయరు సారు "అమ్మా, బయటికి, బయటికి" అంటున్నాడు. స్క్రీన్లోంచి పెద్దాఫీసరు "బోల్‌నే దో" అన్నాడు, చెప్పనీ అని. నాకు వచ్చిన హిందీలో చెప్పాను, సాబ్, మీ ముందు నీళ్ళ గ్లాసుంది కదా, ఎడమ చేత్తో పట్టుకుని కుడి వేలితో కొట్టండి అని. అంత పెద్ద మనిషి, టై కట్టుకున్నవాడు, కొట్టాడు! ఇప్పుడు సగం తాగి మళ్ళీ కొట్టండి అన్నాను. తాగాడు, కొట్టాడు. ఎడమ చేతిని చూసుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. గదంతా ఆయన గ్లాసు టంగుటంగుమంటోంది. "మార్‌నేవాలే హాత్ కో కుచ్ నహీ మాలూమ్ సాబ్, పకడ్‌నేవాలే కో మాలూమ్," అని నా కుండ ముచ్చట ముగించాను. ఆయన నవ్వాడు. తర్వాత లాయరు సారుతో, ఈ సంగతి ఇంత సూటిగా కాగితంలో ఎందుకు రాయలేదు అన్నాడట.

బయటికొచ్చాక వరండాలో మేడం నన్ను పట్టుకుంది. "నీకు ఇదంతా ఎట్లా తెలుసు?" అంది. ఆమె వెనక మా ఆయన. గ్లవ్సు తొడుక్కున్న సంగతి చెబితే పని పోతుంది. పైగా నా పేరు ఎట్లాగూ కాగితంలో ఉంది, నాకేం భయం? "ఆయన ఇంట్ల రోజు గిదే ముచ్చట మేడం. ఇని ఇని నాకు నోటికొచ్చింది," అన్నాను. మేడం నవ్వి మా ఆయన భుజం తట్టింది. ఆయన తల వంచి బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. అడిగి తెచ్చుకున్న బూట్లు కదా, కరుస్తున్నాయేమో అనుకున్నాను.

పేటెంటు వచ్చింది. డిపార్టుమెంటులో దండ వేశారు. దండ మెడలో పెట్టుకుని ఆయన ఏడ్చాడు. సంతోషం అనుకున్నాను. నాకు ఆ రోజుల్లో అన్నీ సంతోషంగానే కనిపించేవి.

ఆయన పోయిన ఏడాదికి, ఫోటో పక్కన ఆ దరఖాస్తు కూడా ఫ్రేము కట్టిద్దామని తీశాను. ముందు మేనకోడలిని చదవమన్నాను, ఇద్దరి పేర్లూ చెవితో వినాలని. మూడు పేర్లు చదివి ఆగింది.

"నీ పేరు లేదత్తా."

"సక్కగ చూడవే. బొట్టు కింద ఉన్నది."

అది గోటితో కుంకుమ గీకింది. ఏళ్ళ కుంకుమ, ఊరికే రాలిపోతుందా?

"ఇది ఉత్తరాలు పంపే అడ్రసు అత్తా. లాయరు ఆఫీసుది. మూడో అంతస్తు, లిఫ్టు పక్కన, తార్నాక."

ముందు నవ్వే వచ్చింది, నిజం. ఇన్ని దసరాలు నేను దండం పెట్టింది లిఫ్టుకా! తర్వాత ఏం వచ్చిందో చెప్పను. (అక్కడ గీత కొట్టకు, అట్లాగే ఉండనీ.) మర్నాడు నా పేరు బదులు దొరికిన చోటు ఎట్లా ఉందో చూద్దామని తార్నాక పోయాను. లాయరు ఎప్పుడో ఖాళీ చేశాడు. ఇప్పుడక్కడ కోచింగ్ సెంటరు. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల "ఏ కోర్సు ఆంటీ?" అంది. "చదువుడు నేర్పిస్తరా?" అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. తిరిగి మెట్లు దిగే వచ్చాను, ఆ లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు.

మేడంకు చెబుదామా అంటోంది ఇది. ఏమని చెప్పాలి? వరండాలో నా నోటితో నేనే ఇచ్చేశాను కదా. ఇప్పుడు నా పేరు ఎక్కిస్తే, చనిపోయిన మనిషి దొంగ అవుతాడు. పని పోతుందని భయపడ్డాడు, నేను మాట్లాడటం లేదని భయపడ్డాడు, తర్వాత చెప్పడానికి భయపడ్డాడు. నిలబడి చెప్పేది కాదు అన్నాడు, అదీ నిజమే. కోపం వచ్చినప్పుడు మళ్ళీ గోడకే చెబుతున్నాను: "ఓ గోడా, గా లిఫ్టు ముచ్చట అడుగు." ఇప్పుడు ఆయన ఫోటో ఆ గోడకే ఉంది. అప్పట్లో జవాబైనా వచ్చేది.

టీ గ్లాసు పట్టుకుని టై కట్టుకున్న ఆఫీసరుతో నీళ్ళు తాగించిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వు వస్తుంది. నా పేరు ఉంది అనుకుని ఎంత ధీమాగా నిలబడిందో! ఆ ధీమా ఇప్పుడు ఎవరిస్తారు?

సరే, చాలు. ఇటు జరిగి కూర్చో. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకు, కొత్తగా ఒక్క ముక్క కలపకు. వేలు పెట్టి చదువు. 'నేను' అని ఎక్కడెక్కడ రాశావో, అక్కడ వేలు ఆపు.