పోశక్క వెనకగోడ

మా తుకుం బస్తీలో ఇడ్లీ బండి నడిపే పోశక్క ఇంటి వెనకగోడ మొన్నటి వానకు కూలింది. ఇక్కడ సర్కారు పనంతా మరాఠీలోనే కాబట్టి, సాయం కోసం దరఖాస్తు రాసిపెట్టింది నేనే. నష్టం చూసి రాసుకోవడానికి తలాఠీ, అంటే మన వీఆర్వో లాంటాయన, ఈ రోజు వస్తాడని నిన్న చెప్పిందీ నేనే.

పొద్దున ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేసరికి వాకిట్లో ముగ్గుంది. కూలిన మట్టంతా ఎత్తిపోసి, గోడ ఉన్నచోట తడక కట్టి, దానిమీద కొత్త చీర కప్పింది పోశక్క. తలాఠీ అటూ ఇటూ చూసి, "పడ్డ గోడ ఏది?" అని మరాఠీలో అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకు సర్దినవక్కా? ఎట్లున్నది అట్లనే ఉంచాలె గద!"

"సారు ఇంటికొస్తుండంటే మట్టిపెళ్లల నడుమ కూసోబెడ్తమా తమ్మీ?" అంటూ ఆయన చేతికి చాయ్ అందించింది.

ఆయన చాయ్ తాగి, తడక తీయించి, మిగిలిన మొండిగోడ ఫొటో తీసుకున్నాడు. అంతసేపూ పోశక్క ఆ చీర మడిచి గుండెకు హత్తుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడింది.

ఏమీ ముట్టుకోవద్దని నిన్ననే చెప్పాల్సింది, మరిచాను. చెప్పినా వినేది కాదేమో. మీరైతే, వచ్చేది సర్కారే అయినా, ఇల్లు ఊడ్వకుండా ఉంచేవారా?