దున్నకూడదని రాయించిన నేల

మా పెద్దమ్మకు ప్రత్తిపాడు దగ్గర నలభై సెంట్ల నేల ఉండేది. పెదనాన్న జీవితమంతా కూలికి పోయి కొన్నది. ఆయన పోయాక పెద్దమ్మ చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి బైబిలు చదివి వినిపించేది. పిల్లలు లేరు. నల్లపాడులో టీచరుగా ఉన్న నన్నే కూతురనుకునేది.

ఒక ఏడాది పత్తి తీతకు వచ్చిన కూలి మనిషి తన చంటిపిల్లను పెద్దమ్మ చేను గట్టున పడుకోబెట్టింది. పక్క చేలో మందు కొడుతున్నారు. సాయంత్రానికి పిల్ల నోట నురగ వచ్చింది. గుంటూరు చేరేలోపే పోయింది. పిల్లను పాతిపెట్టిన మర్నాడు పెద్దమ్మ తన చేలోని పత్తి మొక్కలన్నీ తనే పీకేసింది. మళ్ళీ ఏమీ వేయలేదు. ఎనభైలు సగం గడిచేసరికి అక్కడ రేగుపొదలూ, తంగేడూ, మోకాలెత్తు గడ్డీ పెరిగాయి. కౌజు పిట్టలు చేరాయి. చుట్టుపక్కల కూలి ఆడవాళ్ళందరూ తమ పిల్లల ఉయ్యాలలు అక్కడి రెండు వేపచెట్లకే కట్టేవారు.

తన తర్వాత కూడా ఆ నేల అలాగే ఉండాలని ఆవిడ పట్టుదల. నన్ను వెంటబెట్టుకుని దస్తావేజులు రాసే ముసలాయన దగ్గరికి వెళ్ళింది.

"ఎవరూ దున్నకూడదు, చెట్టు కొట్టకూడదు, మందు చల్లకూడదు. అలా రాయండి."

"అమ్మకమా, దానమా, తనఖానా అమ్మా? ఉత్తినే ఉంచడానికి కాగితం ఉండదు. రేపెవరైనా దున్నితే ఆపే హక్కు ఎవరికిస్తారు?"

చర్చికిస్తానంది. ఇస్తే అక్కడ హాలు కడతామన్నారు చర్చి పెద్దలు. చివరికి నా పేర దానంగా రాయించి, దున్నకూడదన్న షరతు అందులో పెట్టించింది.

"షరతు తప్పితే వెనక్కి తీసుకుంటానని కూడా రాయమంటారా?" అన్నాడాయన.

"నా బిడ్డను అనుమానిస్తూ కాగితం రాయించనా? వద్దు."

నేను సంతకం పెట్టాను.

తర్వాతి వేసవికి ముందు పెద్దమ్మ పడి తుంటి విరగ్గొట్టుకుంది. పక్క చేను రైతు తన ట్రాక్టరులో పరుపు పరిచి గుంటూరు ఆసుపత్రికి చేర్చాడు. రెండు వారాలకు మళ్ళీ వచ్చి, ఆసుపత్రి వరండాలో నా ముందు నిలబడ్డాడు.

"టీచరుగారూ, మిరపకాయ కోసి పడేశాం. మబ్బు పట్టింది. ఆరబోయడానికి చోటు చాలడంలేదండి. ఈ ఒక్కసారికి మీ పెద్దమ్మగారి బీడు ఇప్పించండి."

చేసిన మేలు నోటితో అనలేదు. అనక్కర్లేదు కూడా. "సరే, చెట్ల జోలికి వెళ్ళకండి" అన్నాను. లోపలికి వెళ్తే పెద్దమ్మ అడిగింది, "ఈ ఏడు రేగుపళ్ళు బాగా కాశాయా?"

"కాశాయి పెద్దమ్మా" అన్నాను.

ఆ నెలాఖరున ఇంటికి తీసుకెళ్తుంటే దారిలో బాడుగ కారు ఆపించింది. వేపచెట్లు లేవు. నేలంతా చదును చేసి, పేడతో అలికి కల్లం చేశారు. దానినిండా మిరపకాయలు. ఆ ఘాటుకు ఇద్దరికీ దగ్గు వచ్చింది. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"ఇచ్చింది నేనే. చెట్లు కొట్టొద్దన్నాను."

"ఇచ్చాక ఇంక చెట్లేమిటే."

కర్రపట్టుకుని నడవగలిగిన మొదటిరోజే ఆ ముసలాయన దగ్గరికి వెళ్ళింది, నేను లేకుండా. దానం రద్దు చేయమని అడిగిందట. వెనక్కి తీసుకునే మాట కాగితంలో లేదు కాబట్టి నేల ఇక మీది కాదమ్మా, అని చెప్పాడట. ఈ సంగతి నాకు ఆయనే చెప్పాడు. ఆవిడ చెప్పలేదు. నాతో మాట్లాడటం మానలేదు. ఇంటికి వెళ్తే అన్నం పెట్టేది. ఆ నేల ఊసు మాత్రం ఎత్తలేదు. కూలి ఆడవాళ్ళు పిల్లల్ని ఇళ్ళ దగ్గర ముసలివాళ్ళకు వదిలి వస్తున్నారని, పాలకేడ్చి పిల్లలు చిక్కిపోతున్నారని ఒకసారి అంది. నన్ననలేదు, గోడవైపు చూస్తూ అంది.

ఆ తర్వాత రెండో వర్షాకాలంలో పెద్దమ్మ పోయింది.

తర్వాత ఆ నేలను ఆ రైతుకే అమ్మేశాను. షరతులేవీ రాయించలేదు. ఎందుకు అమ్మావని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. ఆ దారిన బస్సులో వెళ్ళవలసి వచ్చినప్పుడల్లా అది ఇంకా నాదేనన్న సంగతి భరించలేకపోయాను.