బొకేలోని కొమ్మ

పెళ్లయిన ఇన్నేళ్లలో మూరెడు మల్లెపూలు తేని మా ఆయన, జగిత్యాల ఆసుపత్రిలో నా కడుపులోని గడ్డ తీసిన మర్నాడు గులాబీల బొకే పట్టుకొచ్చాడు. డాక్టరు ఈ మనిషికి ఏం చెప్పాడోనని నా గుండె జారిపోయింది.

కోరుట్లలో ఇంటికి చేరేసరికి పూలు వాడిపోయాయి. కాడలు పారేయబుద్ధి కాలేదు. కింది కొసలు ఏటవాలుగా కోసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, సగానికి కోసిన నీళ్ల సీసాలు బోర్లించాను. ఒక్కటి తప్ప అన్నీ నల్లబడ్డాయి. దాని కణుపు దగ్గర ఎర్రటి చిగురు కనిపించిన రోజు సిరిసిల్లలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"గీ కొమ్మ బతికితే నేను బతికినట్టేనే అమ్మా" అన్నాను.

ఆ వారమే అమ్మ నన్ను చూడ్డానికి వచ్చి, ఒక రాత్రి ఉండి, నేను లేవకముందే మొదటి బస్సుకు వెళ్లిపోయింది.

లేచి చూస్తే కుండీలో గుంత ఉంది. కొమ్మ లేదు, సీసా లేదు. కోతులనూ, గేటు వేయని మా ఆయననూ కలిపి తిట్టాను.

"కోతి సీస గూడ ఎందుకు ఎత్తుకపోతదే?" అన్నాడాయన. ఆ మాటకు ఇంకో విడత తిట్టాను. లోపల మాత్రం ఒకటే భయం. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అన్నం సహించలేదు.

రెండు నెలలకు మళ్లీ పరీక్షలకు జగిత్యాల వెళ్లాల్సి వచ్చింది. ముందు అమ్మను చూసి వద్దామని సిరిసిల్ల పోయాను. మావాళ్ల సాంచెల షెడ్డు వెనక, మరమగ్గాల చప్పుడులో, ఒక పాత రంగు డబ్బా. అందులో నా కొమ్మ! పక్కన నా సీసా. గుప్పెడు ఆకులు, చివర ఒక మొగ్గ.

"దొంగతనం జేసినవా అమ్మా! అడిగితే ఇయ్యకపోదునా?"

"అడిగి తెచ్చిన కొమ్మ బతుకుతదా? ఎత్తుకచ్చిందే బతుకుతది. నువ్వు గట్ల అన్నంక నేనెట్ల ఊకుంట?"

మా వాడలో ఈ నమ్మకం లేని ఇల్లు లేదు. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అయితే నా కొమ్మ నాకియ్యి."

"నేనియ్య. ఇస్తే మల్ల ఎండుతది." అమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. "నేను చూస్తలేను. జల్ది ఎత్తుకపో బిడ్డా."

పోయొస్తానని కూడా చెప్పకుండా, డబ్బా చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచాను.