తలుపు వైపు చూసే కెమెరా

"...ఎవరికీ చెప్పలేదంటున్నాను కదమ్మా."

"మరి మా డిపో మేనేజరుకి కలొచ్చిందా అక్కా?"

కండక్టరు గొంతు పెంచలేదు. వదులు చేయమని దర్జీకి ఇచ్చిన యూనిఫాం కోట్లు రెండూ కౌంటరు మీంచి తీసి సంచిలో కుక్కుకుంది. ముందొకసారి కడుపు నిలవలేదు. అందుకే ఈసారి కొన్నాళ్లు గడిచేదాకా సంగతి బయటికి రాకూడదనుకుంది. కానీ డిపోలో తెలిసిపోయింది. ఆమెను దూరపు బస్సు డ్యూటీ నుంచి తీసేసి టికెట్ల గదిలో కూర్చోబెట్టారు.

"నీ దగ్గర తప్ప ఇంకెక్కడా నోరు విప్పలేదు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆ దర్జీని వీధిలో అందరూ టేపక్క అంటారు. పెళ్లి కాకముందు ఆమె ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడి సూపర్‌వైజరు ఆడవాళ్ల కొలతలు హాలంతా వినపడేలా చదివేవాడు. అతనితో పాటు కత్తిరింపు బల్ల దగ్గరివాళ్లూ నవ్వేవాళ్లు. సొంత షాపు పెట్టుకున్నాక ఆమె ముందు కొన్నది మిషను కాదు, మందపాటి తెర. దాని వెనక ఎవరి కొలతా పైకి అనదు. ఎవరైనా లావైతే "ఈ బట్ట ఉతికితే బిగుసుకుపోయే రకం" అంటుంది. వాళ్లకీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఎవరికి నెల తప్పిందో ఒక్కోసారి మొగుడికన్నా ముందు ఆమెకే తెలిసేది. ఇన్నేళ్లలో ఒక్కటీ ఆ తెర దాటలేదు.

ముందు వైపు గుడ్డల అమ్మకం తమ్ముడిది. మొన్నామధ్య ఎవరో ఒక గుడ్డ తాను ఎత్తుకుపోతే, ఫోన్లో చూసుకునే చిన్న కెమెరా కొనుక్కొచ్చి గోడకి బిగించాడు. "తలుపు వైపే చూస్తుందక్కా, తెర వైపు తిప్పను," అన్నాడు. తిప్పలేదు కూడా.

ఇప్పుడతను గుడ్డలు సర్దుతూ అన్నాడు, "పోతే పోనియ్యక్కా. మూడు వేళ్లు ఎక్కువ వదులు, తర్వాత ఇంకా విప్పుకుందాం అని నువ్వంత ప్రేమగా చెప్పావు. ఆవిడకి ఆ విశ్వాసమైనా లేదు."

టేపక్క సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది.

"నేనా మాట అన్న రోజు నువ్వు షాపులో లేవు. డిపోకి యూనిఫాం గుడ్డ ఇవ్వడానికి వెళ్లావు."

అతను గుడ్డ చుట్టడం ఆపాడు.

"ఫోన్ ఇటివ్వు."

"అక్కా, అది..."

"ఇవ్వరా."

ఆ రోజు రికార్డయినది అతనే నొక్కి చూపించాడు. ఫోన్ తెర మీద ఖాళీ తలుపు, ఎండ, ఒక సైకిలు. వెనక నుంచి కత్తెర చప్పుడు. తర్వాత టేపక్క గొంతు, పక్కనే ఉన్నంత స్పష్టంగా. కండక్టరు చిన్నగా నవ్వి, "ఇంకా మా అమ్మకి కూడా చెప్పలేదక్కా," అంది.

"మాటలు కూడా వస్తాయని కొన్నప్పుడు నాకు తెలీదక్కా. కంపెనీవాడే పెట్టాడు. ఎవరైనా మాట్లాడితే చాలు, ఫోన్ మోగుతుంది."

"తెలిశాక ఆపావా?"

అతను ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

"ఆపడం వచ్చా, రాదా?"

"వచ్చు. ఊరికే... పని లేనప్పుడు వింటాను. రేడియోలాగా. డిపోలో స్టోరువాడితో ఏదో మాటల్లో అనేశాను. మంచి కబురే కదా అక్కా, ఏమైందిప్పుడు?"

"ఇంకెవరివి విన్నావు?"

అతను మళ్లీ గుడ్డల వైపు తిరిగాడు. ఆ తెర వెనక ఏడ్చినవాళ్లు, మొగుణ్ణి తిట్టుకున్నవాళ్లు, జాకెట్టు విప్పడానికి సిగ్గుపడి పుట్టుమచ్చ గురించి ముందే చెప్పుకున్నవాళ్లు ఒక్కొక్కరే ఆమెకు గుర్తొచ్చారు. ఫ్యాక్టరీలో ఆ సూపర్‌వైజరు కనీసం ఎదురుగా నిలబడేవాడు.

స్టూలెక్కి కెమెరాని వైరుతో సహా పీకింది. గోడ సున్నం కొంచెం ఊడి గుడ్డల మీద రాలింది. దులపలేదు. తాళం తీసుకుని, తమ్ముడు బయటికొచ్చాక షటరు కిందికి లాగింది.

"నడు. విన్నది నువ్వేనని ముందు కండక్టరమ్మకి చెప్తావు. తర్వాత మిగతావాళ్లకి, ఇంటింటికీ వెళ్లి. అంతవరకు ఈ షటరు తెరవను."