మెట్లు లేవని చెప్పాను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. మీ జాలి నాకక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు ఎవరో ఒకరికి మొత్తం చెప్పాలి, అంతే.

మా కాలనీలో ఎవరు ఎటు నడకకు వెళ్లాలన్నా నన్నే అడుగుతారు. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఏ పార్కు మేలు, పసిపిల్లలతో ఏ దారిన వెళ్లొచ్చు, ఎక్కడ రాళ్లు జారతాయి, ఎక్కడ పట్టుకోవడానికి కమ్మీ లేదు, అన్నీ చెప్తాను. ఎంత జాగ్రత్త మనిషో అంటారు. ఆ మాట వింటే నాకు సుజాత గుర్తొస్తుంది.

సుజాత నా ఆడబిడ్డ. తిరుపతిలో మాతోనే ఉంటుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. తొడమీద చెయ్యి నొక్కిపెట్టి అడుగు వేస్తుంది. నేను కాపురానికి వచ్చింది మొదలు మా ఇంటి షికార్లన్నీ ఆ కాలిని బట్టే. ప్రతి ఆదివారం అదే పార్కు, అదే సిమెంటు బాట, అదే బెంచీ. నాకు విసుగు పుట్టింది. అవును, పుట్టింది. ఎదురుగా అన్ని కొండలు పెట్టుకుని బెంచీమీద కూర్చోవడం నావల్ల కాలేదు. అది తప్పా? ఇప్పటికీ కాదనే అంటాను.

ఒకరోజు తలకోన జలపాతానికి పోదామన్నాను. అంతకుముందే స్నేహితురాళ్లతో వెళ్లొచ్చాను. ఆ దారి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. సుజాత మొహం వెలిగింది. వెంటనే అనుమానమూ వచ్చింది.

"మెట్లు యాడన్నా ఉండాయా వదినా?"

"లేవు మే. అంతా చదునే."

"నిజంగానా?"

"నేను సూసొచ్చినా కదా!"

ఎందుకలా అన్నాను? మెట్లున్నాయంటే అత్త వద్దంటుంది, దాంతో నా ప్రయాణమూ ఆగిపోతుంది. సుజాత సంతోషం కోసమే అలా అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. ఆ నీళ్లు దూకడం మళ్లీ చూడాలన్నది నా ఆశ.

ఇద్దరమే వెళ్లాం. మెట్లు మొదలయ్యేచోట ఆమె ఆగి నావైపు చూసింది. "ఇంగ కొంచెమే" అంటూ చెయ్యి పట్టుకుని నడిపించాను. చేరుకున్నాం. తుంపర మొహంమీద పడుతుంటే సుజాత రాతిమీద కూర్చుని దూకే నీళ్లనే చూసింది. కోతి మా పులిహోర పొట్లం లాక్కుపోతే కడుపు పట్టుకుని నవ్వింది. పార్కులో ఆమె అలా నవ్వగా నేను వినలేదు. ఆ పూట గురించి నేను బాధపడను. ఎవరేమన్నా సరే.

దిగేటప్పుడు తడి మెట్టుమీద జారింది. మణికట్టు విరిగింది. ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించి ఇంటికి తెచ్చేసరికి అత్త గుమ్మంలోనే కూతురిమీద విరుచుకుపడింది. "కొండలెక్కాలని నీకేమే అంత ఆశ? నువ్వే పట్టుబట్టింటావు. పాపం, నా కోడలు కాదనలేకపోయింటాది."

సుజాత నన్ను చూసింది. నేను నోరు తెరుస్తానని ఎదురుచూసింది. నేను కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను.

అబద్ధం చెప్పడం కంటే ఆ కాఫీయే నన్ను ఎక్కువ పొడుస్తుంది. అటు తర్వాత ఆమెను ఎవరూ పార్కు దాటి తీసుకెళ్లలేదు. ఆమె అడగనూ లేదు. నేను మాత్రం కొండలు తిరుగుతూనే ఉన్నాను.

మొన్న చుట్టాలు భోజనానికి వచ్చారు. కూతురి మొండితనం గురించి చెబుతూ అత్త మళ్లీ ఆ కథ ఎత్తింది. సుజాత తల వంచుకుని తింటోంది.

"ఆమె పట్టుబట్టలేదత్తా," అన్నాను. "మెట్లుండాయని నాకు తెల్సు. తెల్సే లేవని చెప్పినాను."

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. సుజాత మెల్లగా తలెత్తింది.

"ఉండాయని చెప్పింటే కూడా వచ్చేదాన్నే వదినా. నువ్వు నన్ను అడగనే లేదు."

లేచి చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని నేను బతిమాలను. అది ఆమె ఇష్టం.

ఆ పూట చుట్టాలంతా నన్నే చూస్తున్నారు. నేను లేవలేదు. మజ్జిగ పోసుకుని, పళ్లెంలో మిగిలిన అన్నం చివరి మెతుకు వరకూ తిన్నాను.