పీటర్ గారి ఇంటి కప్పు మీద నా కొబ్బరికాయ

ఇంగ్లండులో ఓ పల్లెటూరి ఇంటి కప్పుని నేను సింగపూర్‌లో ఉండి పగలగొట్టాను. అదీ పూజ చేస్తూ! నమ్మరా? అయితే వినండి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి మహా గిరాకీగా ఉన్న రోజులు. మా బాస్ పీటర్ గారు ఇంగ్లీషాయన. లండన్ ప్రాజెక్టుకి ఎవర్ని పంపాలో ఆయన ఇష్టమే. నాకేమో వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అందుకే ఆయన తన తాతల నాటి రాతి ఇంటి గురించి మొదలుపెడితే చాలు, గంగిరెద్దులా తలూపేవాణ్ణి. ఇంత మందాన గోడలట, అంతా సున్నంతో కట్టారట. కప్పు కూడా రాతి పలకలేనట. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి, ఒక్కోదానికీ కన్నం పెట్టి చెక్కమేకుతో తగిలిస్తారట. ఆయన ఏం చెప్పినా నాకు వినపడేది లండన్ ఒక్కటే.

ఇంతలో ఆఫీసుకి కొత్త సర్వర్ వచ్చింది. పూజ నేనే చేస్తానన్నాను. లిటిల్ ఇండియా వెళ్లి కర్పూరం, నిమ్మకాయలు, మంచి ముదురు కొబ్బరికాయ తెచ్చాను. తీరా చూస్తే ఆఫీసంతా తివాచీ! కాయ ఎక్కడ కొట్టను?

"మెట్ల దగ్గర కొట్టు తంబీ," అంది రమణి ఆంటీ. మా ఆఫీసు వ్యవహారాలు చూసే ఆవిడ, తాతల కాలం నుంచీ సింగపూర్‌లోనే స్థిరపడ్డ తెలుగింటి మనిషి.

"సర్వర్ ఇక్కడుంటే మెట్లకి పూజేంటి ఆంటీ?" అని, పీటర్ గారి గది కిటికీలో ఎప్పుడూ ఉండే ఓ రాతి పలక పట్టుకొచ్చేశాను. దానికి ఓ చివర చిన్న కన్నం ఉంది. అయినా ఈ మట్టిబుర్రకి వెలగలేదు. శుభ్రంగా పసుపు రాసి బొట్లు పెట్టాను.

"ఆయన్ని అడిగావా?"

"రాయికేమవుతుంది ఆంటీ, మీరు మరీనూ!"

సరిగ్గా కాయ ఎత్తిన క్షణంలో పీటర్ గారు వచ్చారు. "సుబ్బూ, ఆగు! అది మా..."

ఠప్!

కాయ చెక్కుచెదరలేదు. రాయి రెండు ముక్కలైంది.

"...ఇంటి కప్పుది," అన్నారాయన నీరసంగా. "రిపేరు చేయించినప్పుడు మా అమ్మ జ్ఞాపకంగా ఇచ్చింది."

సిగ్గుతో చచ్చిపోయాను. లండన్ కళ్ల ముందే మాయమైపోయింది. "సర్, అతికించేస్తాను సర్," అని గొణిగాను. ఆయన పసుపు ముక్కల్ని చూశారు, కాయని చూశారు. "ఎక్కడ దొరుకుతాయయ్యా ఇంత గట్టివి?" అని పకపకా నవ్వేశారు.

చివరికి లండన్‌కి నన్నే పంపారు. "నువ్విక్కడుంటే ఆ ముక్కలు కూడా దక్కవు," అన్నారు.

అక్కడికి వెళ్లాక ఓ ఆదివారం, పీటర్ గారి అమ్మగారికి క్షమాపణ చెప్పుకుందామని వాళ్ల ఊరు వెళ్లాను. తేనెరంగు రాళ్ల ఇల్లు, వంగకపోతే నుదురు బొప్పి కట్టే గుమ్మం. తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసిందావిడ.

"సింగపూర్ సుబ్బువి నువ్వేనా?"

"అవునమ్మా."

"అయితే ముందు ఆ సంచీ బయట పెట్టు."

పెట్టక చస్తానా! అందులో ఆవిడకి తాంబూలంలో ఇద్దామని తెచ్చిన కొబ్బరికాయే ఉంది మరి. ఆ రాతి గడప సాక్షిగా అప్పుడే ఒట్టేసుకున్నాను: ఎవరింటి రాయో కనుక్కోకుండా ఈ జన్మలో కాయ ఎత్తను.