నాలుక అడిగితే తొడ మాంసం

అడ్డాకు పొట్లం విప్పగానే నాకు ఒళ్లు మండిపోయింది. లోపల మంచి తొడ మాంసం, దాని నిండా పసుపూ ఉప్పూ. నేను అడిగింది పంది నాలుక. ఏమీ కలపకుండా, కోసింది కోసినట్టు తెమ్మన్నాను. పొట్లం తెచ్చినామె చేత తిరిగి చెప్పించుకుని మరీ పంపాను.

"నాలుక ఏదమ్మా?" అన్నాను.

"నాలిక మీకెలాగిత్తామమ్మా? డాట్రమ్మకి మంచి ముక్క పెట్టాల గదా. దారిలో పాడైపోద్దని పసుపు రాసీసాను," అంది, నేను సంతోషిస్తాననుకుని.

అరకు కొండల్లోకి పశువుల డాక్టరుగా వచ్చినప్పటి నుంచీ నా బతుకు ఇదే. పరీక్షకు ముక్క అడిగితే కూరకు వాటా పంపుతారు. పొయ్యి మీద వేలాడదీసి ఎండబెట్టిన మేక మాంసం వచ్చింది, ఉడకబెట్టిన గుండెకాయ వచ్చింది, కారం పట్టించిన ముక్క కూడా వచ్చింది. అవన్నీ భూతద్దం కింద పెట్టి ఏం చూడను, నా తలకాయ! ఇక మైక్రోస్కోపు సంగతి చెప్పక్కర్లేదు. కరెంటుది బల్బు పోయి మూల కూర్చుంది. కొత్త బల్బు ఎప్పుడు అడిగినా 'వస్తుంది' అన్న మాట తప్ప ఏమీ రాదు. కింద అద్దం ఉన్న పాతదాన్ని కిటికీలో పెట్టుకుని సూర్యుడి కోసం కాచుకోవాలి. చలికాలం ఇక్కడ పొద్దెక్కేదాకా మంచు విడవదు. ఆ మంచు కోసమే జనం కార్లేసుకుని లంబసింగి పోయి ఫొటోలు దిగుతారు. నాకు మాత్రం దాన్ని చూస్తే తిట్లు వస్తాయి.

కానీ ఆ రోజు ఆమెను తిట్టి పంపేయలేకపోయాను. ఆమె కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఉన్నట్టుండి ఆ పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి. కింద టౌన్లో స్కాన్ తీసి, మెదడులో పురుగు తిత్తులున్నాయని చెప్పారు. చెప్పిన వాళ్లు ఊరుకోక, "పందుల్ని పెంచుతారా?" అని కూడా అడిగారు. ఆ ఒక్క ప్రశ్న ఆమె కంటే ముందు ఊరు చేరింది. పందుల్ని పెంచేది ఆమే. తల్లే పిల్లకు పురుగెక్కించిందని ఆమె మామగారు మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. ఊరి దేవత పండక్కి తన పందిని కోస్తున్నారనగానే ఆమె నా దగ్గరకొచ్చి, "నా పంది వల్లేనా, కాదా? అది సెప్పండి సాలు," అంది.

ఆ జవాబు పంది నాలుకలో దొరుకుతుంది, అందుకే తెమ్మని పంపాను. ఈ పురుగు తిత్తులు కండల్లో ఉంటాయి, అందులోనూ నాలుకలో ఎక్కువ. మాంసం పొయ్యెక్కిపోతే ఇక చూసేదేమీ ఉండదు. మైక్రోస్కోపును తువ్వాలులో చుట్టి, ఆమెను స్కూటీ వెనక ఎక్కించుకుని, ఆ రాళ్ల దారిలో నన్నూ ఉద్యోగాన్నీ కలిపి తిట్టుకుంటూ పోయాను.

వెళ్లేసరికి ఊరి మధ్యలో ఇంటింటికీ ఆకు పరిచి వాటాలు వేస్తున్నారు. పంది తల దేవత రాయి ముందుంది. పూజ చేసేది మామగారే.

"తల ముందర దేముడికి. తరవాతే మీ మిషనుకి," అన్నాడు.

"పూజయ్యేదాకా వాటాలైనా ఆపించు తాతా!"

"ఆపితే మంచిది కాదమ్మా," అన్నాడు చల్లగా.

ఆయన మంత్రాలు సాగుతూనే ఉన్నాయి. ఒక్కో పొట్లం ఒక్కో ఇంటికి పోతోంది. నేను గోళ్లు గిల్లుకుంటూ నిలబడ్డాను. చివరికి తల చేతికొచ్చింది. నాలుక కోయగానే ఉడికిన సగ్గుబియ్యంలాంటి గింజలు కనబడ్డాయి. ఒకదాన్ని విప్పి రెండు గాజు పలకల మధ్య నొక్కి, అరుగు మీద ఎండలో మైక్రోస్కోపు పెట్టి అద్దం తిప్పాను. ఉంది. పురుగు తల, దాని చుట్టూ కిరీటంలా కొక్కేలు. సందేహమే లేదు.

"ఉంది. ఎవరూ వండకండి, మొత్తం పాతిపెట్టాలి," అన్నాను.

"సెప్పినానా నేదా? దీని పందే మన గుంటకి పురుగెక్కించీసింది!" అని మామగారు కోడలి వైపు చెయ్యి చూపించాడు. అందరూ ఆమెనే చూశారు. ఆమె మాత్రం నన్ను చూస్తోంది.

"కాదు, వినండి," అన్నాను. "పందికి ఈ తిత్తులు మనిషి వల్లే వస్తాయి. ఈ మాంసం సరిగ్గా ఉడక్కుండా తింటే కడుపులో పెద్ద పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు దొడ్డికి పోయినప్పుడు బయటికొస్తాయి. పంది ఆ దొడ్డి తిని తిత్తులు తెచ్చుకుంది. అవే గుడ్లు చేతుల నుంచో నీళ్ల నుంచో పిల్ల నోట్లోకి పోయాయి. అసలు పంది మాంసం ముట్టనివాళ్లకీ వస్తుంది. పందీ పిల్లా ఇద్దరూ రోగులే. పురుగున్న కడుపు మనలోనే ఎవరిదో ఉంది."

"డాట్రమ్మ మనకే అంటగడతంది," అని ఎవరో నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎదురుగా గవర్నమెంటు కట్టించిన మరుగుదొడ్ల నిండా కట్టెలు పేర్చి ఉన్నాయి. నీళ్ల గొట్టం ఆ ఊరి దాకా రానేలేదు, వాళ్లను మాత్రం ఏమనను? వాటాలు వెనక్కి తెచ్చి గొయ్యిలో వేశారు, నన్ను సణుక్కుంటూ. గొయ్యి తవ్వింది ఆమే. అందులో పడుతున్నది తన నేరమే అన్నట్టు అందరూ చుట్టూ నిలబడి చూశారు. నేను చెప్పింది ఒక్కరి చెవికీ ఎక్కలేదనుకుని ఇంటికొచ్చేశాను.

మళ్లీ సంతరోజు దాటాక ఒక పొద్దున ఆమె ఆసుపత్రి తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో అడ్డాకు పొట్లాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం.

"మళ్లీ మాంసమా?" అన్నాను విసుగ్గా.

"మాంసం కాదమ్మా. ఇంట్లో అందరి దొడ్డీ తెచ్చినాను. మామ తిట్టినాడు, అయినా ఇచ్చినాడు. ఏటీ కలపనేదు, మీరు సెప్పినట్టే."

ఇన్నేళ్లలో నా బల్ల మీదకొచ్చిన మొదటి సరైన శాంపిలు అది. తీరా చూస్తే అది నేను చూడాల్సింది కాదు. నాది పశువుల ఆసుపత్రి.

"మనుషులవి పెద్దాసుపత్రిలో చూస్తారమ్మా, అక్కడికి తీసుకెళ్లు."

"ఎల్లాను. సంతరోజు రమ్మన్నారు. సంతరోజెల్తే సూసే ఆయన రానేదు. మల్లీ ఎప్పుడొత్తాడో ఎవులూ సెప్పనేదు."

ఎవరి మీద అరవాలో తెలియలేదు. చేతులకు గ్లవుజులు తొడుక్కుని గాజు పలక తీశాను. కిటికీ అవతల మంచు అప్పుడప్పుడే విడుతోంది.

"ఎవరిది ముందు చూడను?"

ఆమె ఎర్ర దారం కట్టిన పొట్లాన్ని ముందుకు జరిపింది.

"నాదే సూడండమ్మా. సెలవులకొత్తే గుంటకి కూడొండి పెట్టేది నానే గదా."

అద్దాన్ని వెలుతురు వైపు తిప్పాను. ఇన్నేళ్లూ ఏమీ కనబడటం లేదని చిరాకు పడుతూ వచ్చినదాన్ని, ఆ రోజు ఏమీ కనబడకూడదని కోరుకుంటూ కన్ను పెట్టాను.